లామోన్ చిక్కుడు

ఇటలీ ఈశాన్యాన, వెనెతో ప్రాంతంలోని బెల్లూనో జిల్లాలో పండే దేశవాళీ చిక్కుడు ఇది. శాస్త్రీయ నామం ఫాసియోలస్ వల్గారిస్. మనం వండుకునే రాజ్మా, బీన్స్ కూడా ఈ జాతివే. ఫెల్త్రే పట్టణానికి దగ్గరలో, సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న లామోన్ అనే కొండ ఊరి పేరు దీనికి స్థిరపడింది.

కొలంబస్ యాత్రలకు ముందు ఐరోపాలో ఈ జాతి లేదు. అంతవరకు ఇటలీవారు తిన్నవి నల్లమచ్చ ఉండే బొబ్బర్లు. 16వ శతాబ్దంలో అమెరికా నుంచి స్పెయిన్ మీదుగా కొత్త గింజలు దిగాయి. ఏడవ క్లెమెంట్ పోపు దగ్గరికి చేరిన గింజల్లో కొన్నిటిని బెల్లూనోకు చెందిన పండితుడు పియెరియో వలెరియానో 1532 ప్రాంతంలో స్వస్థలానికి తెచ్చాడని చెబుతారు. ఈ పంట మీద ఆయన లాటిన్‌లో ఒక కావ్యమే రాశాడు.

ప్రచారమంతా పోపు కథకే దక్కింది గానీ, పంటను నిలబెట్టింది మాత్రం ఏటా మంచి కాయలు ఏరి విత్తనానికి దాచుకున్న రైతు కుటుంబాలే. అలా నాలుగు రకాలు నిలిచాయి: స్పాన్యొలిత్, స్పాన్యోల్, కాలోనెగా, కనలీనో. అన్నిటికీ లేతరంగు గింజ మీద చారలూ మచ్చలూ ఉంటాయి. చిన్నగా, గుండ్రంగా ఉండే స్పాన్యొలిత్‌కు గిరాకీ ఎక్కువ. కనలీనోకు తొక్క మందం.

18, 19 శతాబ్దాల్లో వెనెతో పల్లెల్లో పేదలకు మొక్కజొన్న పిండితో వండే పొలెంతాయే పూటపూటా తిండి. అదొక్కటే తిని బతికినవారిని పెలాగ్రా జబ్బు పీడించేది. మాంసం కొనలేని ఇళ్లలో మాంసకృత్తులకు ఆధారం ఈ గింజలే. నేటికీ ఆ ప్రాంతంలో పేరున్న వంటకం, చిక్కుడు గింజలు ఉడికించి పాస్తా కలిపి చేసే చిక్కటి సూపు.

చలి తగ్గాక, మే నెల నుంచి విత్తుతారు. తీగ జాతి కనుక కర్రలు పాతి పాకించాలి. కాయలన్నీ ఒక్కసారే ఎండవు. విడతలవారీగా చేత్తో కోయాల్సిందే. కూలి భారం ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొండ ఊళ్ల జనం పనులు వెతుక్కుంటూ వలస వెళ్లడంతో సాగు కుంచించుకుపోయింది. దాని మీద మొజాయిక్ వైరస్ వచ్చిపడింది. పేనుబంక మోసుకొచ్చే ఈ తెగులు విత్తనం ద్వారా కూడా సంక్రమిస్తుంది. అంటే రకాన్ని కాపాడిన ఇంటి విత్తనమే తెగులునూ మరుసటి ఏటికి చేరవేసింది. తెగులు లేని విత్తనం సిద్ధం చేసుకోవడమే అప్పటి నుంచి రైతులకు అసలు సమస్య.

సాగుదారుల సంఘం 1993లో ఏర్పడింది. 1996లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. 'బోర్లొత్తో లామోన్' పేరుతో విత్తన ప్యాకెట్లు వేరే దేశాల్లోనూ దొరుకుతాయి. వాటిని ఎవరైనా పెరట్లో వేసుకోవచ్చు. గుర్తింపు ముద్ర మాత్రం బెల్లూనో లోయలోని నిర్ణీత గ్రామాల్లో పండిన గింజకే చెల్లుతుంది.