మోల్లి అంటే పచ్చడే

గ్వాకమోలేకి తెలుగు మాట కావాలంటే కష్టపడి కొత్తది పుట్టించక్కర్లేదు. ‘అవకాడో పచ్చడి’ అంటే సరిపోతుంది. చమత్కారానికి అనడం లేదు. ఆ పేరుకి ఉన్న అర్థమే అది.

మెక్సికో లోయలో మెషీకా ప్రజలు, అంటే మనం పాఠ్యపుస్తకాల్లో అజ్టెక్‌లు అని చదువుకున్నవాళ్ళు, మాట్లాడిన భాష పేరు నావట్ల్. ఆ భాషలో ‘ఆవకట్ల్’ అంటే అవకాడో. ‘మోల్లి’ అంటే నూరి కలిపి చిక్కగా చేసుకునే నంజు. రెండూ కలిస్తే ‘ఆవకమోల్లి’. స్పానిష్ వాళ్ళ నోట్లో పడి అది గ్వాకమోలే అయింది. వినగానే మన ఆవకాయ గుర్తుకు రావడం సహజమే గానీ, ఆ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. మన ‘ఆవ’ ఆవపిండిలోది.

ఇప్పుడు మన నగరాల కెఫేల్లో మెనూ తీస్తే ఇది ‘డిప్’ కింద కనిపిస్తుంది. డిప్ అంటే ఇంకోదాన్ని ముంచుకోడానికి ఉన్నది. అంటే అసలు వంటకం చిప్స్, ఇది దానికి తోడు. పచ్చడి అనే మాట అలా కాదు. అందులో రోలు చప్పుడుంది. ఎవణ్ణయినా చితక్కొడితే ‘పచ్చడి చేశాడు’ అంటాం కదా, ఆ మాటకి ముందు గుర్తొచ్చేది చేసే పని. మోల్లి కూడా అలాంటి మాటే. దాన్ని డిప్ అనడం మొదలుపెట్టాక రోలు పోయింది, నూరే చెయ్యి పోయింది, చివరికి ఆ కాయ పండే ఊళ్ళ సంగతి కూడా కనబడకుండా పోయింది. ఈ మూడో నష్టం గురించి చెప్పాలనే నేనిది రాస్తున్నాను. అయితే ముందు రోటి దగ్గర మొదలుపెడదాం.

మెక్సికోలో గ్వాకమోలే చేసే సంప్రదాయ పాత్రని ‘మోల్కహేతె’ అంటారు. నల్లని అగ్నిశిలతో చెక్కిన, మూడు కాళ్ళున్న రోలు. ఈ మాట కూడా నావట్ల్ నుంచి వచ్చిందే: ‘మోల్లి’కి గిన్నె అనే అర్థమున్న ‘కాషిట్ల్’ కలిస్తే ‘మోల్కాషిట్ల్’. పచ్చడి గిన్నె అన్నమాట. రాతి మీదున్న గరుకు మిరపకాయనీ ఉల్లినీ కోయదు, చిదుపుతుంది. మిక్సీలో వేస్తే అన్నీ ఒకే ముద్దయిపోతాయి. రోట్లో నూరితే ఒక్కో ముద్దలో ఒక్కోటి పంటికి తగులుతుంది. రోటిపచ్చడి తిన్నవాళ్ళకి ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

స్పానిష్ సేనలు వచ్చేనాటికి అక్కడి వంటకి కొన్ని పరిమితులున్నాయి. పందులు లేవు, ఆవులు లేవు. కాబట్టి పందికొవ్వు, వెన్న, నెయ్యి అనేవి లేవు. వేపుడు అనేది వంటలో పెద్దగా లేదు. అలాంటిచోట కొవ్వుతో నిండిన పండు దొరకడం చిన్న విషయం కాదు. మెక్సికోలోని టెవాకాన్ లోయలో ఉన్న కోష్కట్లాన్ గుహలో దొరికిన అవకాడో పిక్కలు వేల ఏళ్ళ నాటివి. మనుషులు అక్కడ నాగరికతలు కట్టకముందే ఈ పండు తింటున్నారు. 1541 ప్రాంతంలో తయారైన మెండోసా కోడెక్స్ అనే బొమ్మల పుస్తకంలో ఆవకట్లాన్ అనే ఊరి గుర్తు తమాషాగా ఉంటుంది. ఒక అవకాడో చెట్టు, దాని మొదట్లో పళ్ళు. తినే పళ్ళు కావు, నోట్లోవి. నావట్ల్‌లో దంతాన్ని ‘ట్లాన్ట్లి’ అంటారు. ఊరి పేరు చివర వచ్చే ‘ట్లాన్’ శబ్దం కోసం ఆ బొమ్మ వేశారు.

హెర్నాన్ కోర్తెస్ 1520లో తన రాజుకి రాసిన ఉత్తరంలో అక్కడి సంతలో రోజూ 60,000 మందికి పైగా కొంటూ అమ్ముతూ ఉంటారని చెప్పాడు. ఆ తర్వాత ఏడాది, 1521 ఆగస్టు 13న, ఆ సంత ఉన్న రాజధాని టెనోచ్‌టిట్లాన్ కూలిపోయింది. కూలిన ఆ లోకంలో జనం ఏం తినేవారో మనకి తెలియడానికి ముఖ్యకారణం బెర్నార్దీనో ద సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఆయనతో కలిసి పనిచేసిన నావా పండితులూ. వాళ్ళు దశాబ్దాలపాటు నావట్ల్‌లో పెద్దవాళ్ళని అడిగి, రాసి, బొమ్మలు వేసి తయారుచేసిన పన్నెండు భాగాల గ్రంథం ఇప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్సులో ఉంది. అందుకే దాన్ని ఫ్లోరెన్టైన్ కోడెక్స్ అంటారు. సంతలో వండిన తిండి అమ్మేవాళ్ళ గురించి రాస్తూ మిరపతో, టమాటాతో, గుమ్మడిగింజలతో చేసిన నంజుల పట్టిక పెద్దదే ఇచ్చారు. అవకాడో దగ్గర ఒక హెచ్చరిక ఉంది: పాలిచ్చే తల్లులు ఒక రకం పెద్ద అవకాడో తినడానికి భయపడతారట, పిల్లలకి విరేచనాలు అవుతాయని. బాలింత పథ్యాలు చూసిన మనకి ఈ వాక్యం ఎంత దగ్గరగా అనిపిస్తుందో! నాలుగున్నర శతాబ్దాల కిందట, మరో ఖండంలో, ఏ నాయనమ్మో చెప్పిన మాట అది.

ఇక చేయడం చెప్తాను. నేను చేసే పద్ధతి చాలా మామూలుది. బాగా పండిన అవకాడోలు రెండు. తొడిమ దగ్గర వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి, కానీ గుంట పడిపోకూడదు. చిన్న ఉల్లిపాయలో సగం, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, తగినంత ఉప్పు. వీటిలో ముందు ఉల్లి, మిర్చి, కొత్తిమీర, ఉప్పు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. ఉప్పు గరుకుకి మిరపకాయ తొందరగా నలుగుతుంది. తర్వాత అవకాడో గుజ్జు వేసి, నూరకుండా పొత్రంతో నాలుగుసార్లు అదిమితే చాలు. ముక్కలు కొన్ని మిగలాలి. గింజలు తీసేసిన టమాటా ముక్కలు కలిపి, పైన అరచెక్క నిమ్మరసం పిండాలి. పిక్కని గిన్నెలో ఉంచితే నల్లబడదని చెప్పేమాట నమ్మకండి. గుజ్జులోని ఎంజైముకి గాలి తగలడం వల్ల రంగు మారుతుంది. పిక్క తన కింద ఉన్నంత మేర మాత్రమే గాలిని అడ్డుకుంటుంది. నిమ్మపులుపు ఆ పనిని కాస్త నెమ్మది చేస్తుంది. అన్నిటికన్నా మంచి ఉపాయం, చేసిన వెంటనే తినేయడం.

ఇప్పుడీ రోట్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూడండి. అవకాడో, మిరప, టమాటా అక్కడివి. టమాటా అనే పేరు నావట్ల్ ‘టొమట్ల్’ నుంచి, ఇంగ్లీషు ‘చిల్లీ’ నావట్ల్ ‘చీల్లి’ నుంచి వచ్చాయి. చివర ఉండే ‘ట్ల్’ అనే శబ్దం స్పానిష్ నాలుకకి పలకక ‘తె’ అయిపోయింది: తొమాతె, అగ్వాకాతె. మరి ఉల్లి, కొత్తిమీర, నిమ్మ? ఆ మూడూ అట్లాంటిక్ దాటి ఓడల్లో వచ్చినవి. నిమ్మ ఆసియాలో పుట్టి, అరబ్బుల చేతుల్లో మధ్యధరా తీరం చేరి, స్పెయిన్ మీదుగా అమెరికాకి వెళ్ళింది. అంటే, ఈరోజు ఏ మెక్సికన్ వంటింట్లోనైనా ‘అసలైన’ గ్వాకమోలేగా చేసేది మెషీకాలు తిన్నది కాదు. ఆక్రమణ తర్వాత తయారైన వంటకం. పేరు పాతది, రుచి సగం కొత్తది.

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మన గోంగూర పచ్చడిలో పడే మిరపకాయ కూడా అదే శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మనకి వచ్చిందే. అంతకుముందు కారం అంటే మిరియాలే. మిరప లేని ఆంధ్ర భోజనాన్ని ఇప్పుడెవరూ ఊహించలేరు. నిమ్మ ఇటునుంచి అటు, మిరప అటునుంచి ఇటు. కాకపోతే ఒక తేడా ఉంది. మిరప మన దగ్గరకి వ్యాపారంతో వచ్చింది. నిమ్మా ఉల్లీ అక్కడికి యుద్ధంతో, మశూచితో కలిసి వెళ్ళాయి. అంత జరిగాక కూడా వంటకం తన పేరు వదులుకోకపోవడం నాకు ఆశ్చర్యం. గుళ్ళు పోయాయి, రాజధాని మీద కొత్త నగరం లేచింది, రోటి పేరూ పచ్చడి పేరూ మాత్రం అలాగే నిలబడ్డాయి. వంటింటి మాటల్ని మార్చాలని ఏ గవర్నరుకీ తోచినట్టు లేదు.

అయితే, మెక్సికో దాటాక పండు పేరు నానా పాట్లు పడింది. అగ్వాకాతె పలకలేక, దగ్గరగా వినిపించే ‘అబొగాదో’ చేశారు. స్పానిష్‌లో ఆ మాటకి వకీలు అని అర్థం. ఫ్రెంచివాళ్ళు ఇంకో అడుగు వేశారు. వాళ్ళకి ఈనాటికీ వకీలన్నా అవకాడో అన్నా ఒకటే మాట, ‘అవొకా’. ఇంగ్లీషులో చాలాకాలం ‘ఎలిగేటర్ పేర్’ అన్నారు. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు సముద్రపు దొంగ 1697లో అచ్చేసిన యాత్రాగ్రంథంలో, ఈ గుజ్జుని చక్కెరతో, నిమ్మరసంతో కలిపి పళ్ళెంలో చిలికి తింటారని రాశాడు. బెంగళూరు జ్యూస్ షాపుల్లో ‘బటర్ ఫ్రూట్’ మిల్క్‌షేక్ తాగినవాళ్ళు డాంపియర్ పక్షమే.

1911లో కాలిఫోర్నియా నర్సరీ ఒకటి మెక్సికోకి మనిషిని పంపించి, మంచి చెట్ల కొమ్మలు అంటుకోసం తెప్పించుకుంది. ప్వెబ్లా దగ్గర అత్లీష్కోలో దొరికిన ఒక రకం 1913 నాటి గడ్డకట్టే చలిని తట్టుకుంది. అందుకే దానికి స్పానిష్‌లో ‘బలమైనది’ అనే అర్థంలో ‘ఫ్వెర్తె’ అని పేరు పెట్టారు. మరుసటేడు, 1914లో, పిక్కని తొలిచే పురుగు వస్తుందని చెప్పి మెక్సికో అవకాడోల దిగుమతిని అమెరికా నిషేధించింది. కొమ్మలు ముందే వచ్చేశాయి, కాయలకి మాత్రం తలుపు మూశారు. ఆ తలుపు 1997లో కొంచెం తెరుచుకుంది, 2007కి గానీ అన్ని రాష్ట్రాలకీ తెరుచుకోలేదు.

ఆ మధ్యకాలంలోనే కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మాన్ పెరట్లో, నాటిన గింజ నుంచి ఓ కొత్తరకం చెట్టు మొలిచింది. గరుకైన మందపు తొక్క, పండితే నల్లబడే రంగు. 1935లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. రైతులు ఒక మొక్క కొని, దాని కొమ్మలతో తోటంతా అంటుకట్టుకున్నారు. ఆయన ఉత్తరాలు పంచే ఉద్యోగంలోనే ఉండిపోయాడు. తొక్క మందం కాబట్టి ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది, అందుకే ప్రపంచ మార్కెట్టు హాస్‌దే అయింది. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో కనిపించే హాస్ కాయలన్నీ ఆ పెరటిచెట్టు అంటులే. మెక్సికోలో పాతకాలపు ‘క్రియోయో’ అవకాడోలు వేరు. పల్చటి తొక్క, కాయతోపాటే తినేయవచ్చు. వాటి ఆకులు సోంపు వాసన వేస్తాయి, వంటల్లో వాడతారు. అయితే ఆ తొక్కతో అవి ఓడెక్కలేవు.

తలుపు తెరుచుకున్నాక అమెరికాలో సూపర్‌బౌల్ ఆట రోజు గ్వాకమోలే రోజైపోయింది. ఆ కాయల్లో చాలా భాగం పండేది మెక్సికోలోని మిచ్వకాన్ రాష్ట్రంలో. అక్కడ దీన్ని ‘పచ్చ బంగారం’ అంటారు. బంగారం ఉన్నచోటికి వచ్చేవాళ్ళంతా వచ్చారు. ముఠాలు రైతుల దగ్గర మామూళ్ళు వసూలు చేశాయి, ఇవ్వనివాళ్ళని చంపాయి. తోటల కోసం పైన్ అడవులు నరికారు. 2022 ఫిబ్రవరిలో, సరిగ్గా సూపర్‌బౌల్ సమయానికి, మిచ్వకాన్‌లో పనిచేసే అమెరికన్ తనిఖీ అధికారికి బెదిరింపు ఫోను వచ్చిందని అమెరికా వారంపాటు దిగుమతి ఆపేసింది. ఒక ఫోను కాల్‌కి వారం ఆగింది. అక్కడి రైతులకి వచ్చిన ఏళ్ళ తరబడి బెదిరింపులకి ఒక్కరోజు కూడా ఆగలేదు.

అదే రాష్ట్రంలో చెరాన్ అనే పురెపెచా ఆదివాసుల ఊరుంది. 2011 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆ ఊరి ఆడవాళ్ళు కలప దొంగల లారీలకి అడ్డం తిరిగారు. చర్చి గంటలు మోగించారు. తర్వాత ఊరు మొత్తం కలిసి ముఠాలతోపాటు రాజకీయ పార్టీలనీ, పోలీసుల్నీ సాగనంపి, సొంత సభలతో పాలించుకోవడం మొదలుపెట్టింది. నరికిన కొండల మీద మళ్ళీ పైన్ మొక్కలు నాటారు. వాణిజ్య అవకాడో తోటలకి అక్కడ అనుమతి లేదు. చుట్టూ కొండలన్నీ పచ్చబంగారం పండిస్తుంటే, ఆ ఊరు అడవిని ఎంచుకుంది.

ఇదంతా చదివి అవకాడో మానేయమని నేననను. మన బజార్లోకి వచ్చే కాయల్లో కూర్గు, వయనాడు, నీలగిరులవి కూడా ఉంటాయి. కాస్త నీరు ఎక్కువున్నా పచ్చడికి బాగానే పనికొస్తాయి. నేనడిగేది ఇంతే: దాన్ని డిప్ అనకండి. డిప్‌కి ఊరుండదు. పచ్చడికి ఉంటుంది. ఫలానా ఊరి మిరపకాయ, ఫలానా వాళ్ళ చేతివాటం అని మనం పచ్చడి దగ్గర అడుగుతాం. గోంగూర ఎక్కడిదని అడిగే నోటికి అవకాడో ఎక్కడిదని అడగడం కష్టం కాదు.

నావట్ల్ చచ్చిపోయిన భాష కాదు. మెక్సికోలో 15 లక్షల మందికి పైగా ఇప్పటికీ మాట్లాడతారు. బడిలో, ఆఫీసులో, బస్టాండులో స్పానిష్ ముందు తగ్గి మాట్లాడాల్సిన భాష. మనకి ఆ భాష ఒక్క ముక్క రాదనుకుంటాం. కూరగాయల బండివాడితో ‘టమాటా ఎంత?’ అని బేరమాడిన ప్రతిసారీ ఆ ముక్క మన నోట్లోనే ఉంటుంది.