ప్రెస్టన్ బస్ స్టేషన్: బస్సుల మీద కార్ల మేడ

బ్రిటన్‌లో తొలి మోటారువే 1958 డిసెంబరులో మొదలైంది లండన్ దగ్గర కాదు, లాంకషైర్‌లోని ప్రెస్టన్ పక్కన. కార్లు ఏటేటా పెరిగిపోతున్న ఆ రోజుల్లోనే, ఊళ్లో తలో చోట ఉన్న బస్టాండ్లను ఒక్కచోటికి చేర్చి, పైన పార్కింగ్ అంతస్తులు వేయాలని పట్టణ పాలకులు తలపెట్టారు.

బిల్డింగ్ డిజైన్ పార్ట్‌నర్‌షిప్ సంస్థకు చెందిన కీత్ ఇంగమ్, చార్లెస్ విల్సన్ దీనికి రూపమిచ్చారు. ఇంజనీరింగ్ పని ఓవ్ అరప్ సంస్థది. 1969లో ప్రారంభమైన ఈ భవనం కింది భాగంలో పక్కకు 40 చొప్పున 80 డబుల్ డెక్కర్ బస్సులకు గేట్లు, పైన 1,100 కార్లకు చోటు ఉండేవి. ప్రయాణికులు బస్సులకు అడ్డుపడకుండా సబ్‌వేల్లోంచి లోపలికి వచ్చి, విమానాశ్రయంలో మాదిరిగా తమ గేటు దగ్గర వేచి ఉండేవారు. బస్సులకు రాచబాట, మనుషులకు సొరంగం! ఈ కట్టడంలో నిజంగా తప్పుపట్టవలసింది అదే.

చూసేవారికి గుర్తుండిపోయేది మాత్రం పార్కింగ్ అంతస్తుల అంచు. ప్రతి అంతస్తు చివరా కాంక్రీటు ఒంపు తిరిగి పైకి లేస్తుంది. వరసమీద వరసగా ఆ ఒంపులు భవనం పొడవునా సాగుతాయి. ఇది కేవలం సోకు కోసం చేసింది కాదు. నిలువు గోడకు తగిన ఫినిషింగ్ ఇవ్వాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని తేలాక ఇంజనీర్లు ఈ ఒంపును ఎంచుకున్నారు. కారు బంపరు గోడకు కొట్టుకోకుండా కూడా అది కాపాడుతుంది. అందం పొదుపు చాటున వచ్చింది.

తరవాతి తరానికి ఈ కాంక్రీటు మొరటుగా కనిపించింది. బాగుచేయడానికి 1.7 కోట్ల నుంచి 2.3 కోట్ల పౌండ్లు, కూల్చడానికి 18 లక్షలు అవుతాయని లెక్కగట్టి, 2012 డిసెంబరులో నగర కౌన్సిల్ కూల్చివేతకే మొగ్గింది. అంతకుముందు రెండుసార్లు దక్కని వారసత్వ రక్షణ 2013 సెప్టెంబరులో గ్రేడ్-2 హోదాగా దక్కడంతో గండం గడిచింది.

ఆ తరవాత జాన్ పట్టిక్ అసోసియేట్స్ చేపట్టిన పునరుద్ధరణకు 2021లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్, నోల్ సంస్థల మోడర్నిజం బహుమతి వచ్చింది. కార్లు పైనే ఉన్నాయి. బస్సులు తూర్పు పక్కకే పరిమితమయ్యాయి. పడమటి పక్క బస్సుల ఆవరణను జనం తిరిగే మైదానంగా మార్చారు కాబట్టి, ఇప్పుడు నేలమీదే నడుచుకుంటూ లోపలికి వెళ్లొచ్చు.