నానీమా గోడ మీది నీలం

తమ్ముడు కొత్త ఫ్లాట్ కొన్నాడు. మొన్న ఆదివారం ఖాందాన్ అంతా అక్కడ చేరాం. ఖానా అయ్యాక డిజైనర్ ఇచ్చిన కేటలాగ్ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చింది. ఒక పేజీలో ‘మొరాకన్ లుక్’, ఇంకో పేజీలో ‘టర్కిష్ బ్లూ’. తుర్కీ సీరియళ్లు చూసి పెరిగిన మా భతీజీకి ఆ నీలమే కావాలి.

“మనది హరా రంగ్ కదా బేటీ, ఈ నీలం ఎక్కడిది?” అన్నారు బడే అబ్బా.

“ఏ రంగైనా సరే, మన పాత ఇళ్ల గోడల్లా మాత్రం ఉండొద్దు” అంది మరదలు.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. పాతికేళ్ల కింద అదే మాట నేనన్నాను. కర్నూలు పాతబస్తీలో మా నానీమా ఇంటి దాలాన్ గోడలకు సున్నంలో నీలిమందు కలిపి వేసేవాళ్లు. రంజాన్‌కు ముందు ఏటా ఆ పని జరగాల్సిందే. కాలేజీ దోస్తులు ఇంటికొస్తుంటే నాకు ఆ గోడలు షరమ్‌గా అనిపించేవి. పట్టుబట్టి మీగడ రంగు డిస్టెంపర్ వేయించాను. పని చేసిన మేస్త్రీ గోడలోని తాఖ్‌లను కూడా మూసేశాడు. నానీమా గోడ మీద చెయ్యి వేసి, “ఠండక్ పోయింది బేటా” అని మాత్రం అంది.

అందుకే బడే అబ్బా సవాల్‌కు జవాబు వెతికాను. ఈ నీలం ఎక్కడిది?

తారీఖ్ మనల్ని ముందుగా ఇరాన్‌లోని కాషాన్ షహర్‌కు తీసుకెళ్తుంది. గోడకు అతికించే రంగు పలకలు అక్కడ ఎంత పేరు పొందాయంటే, పలక పేరే ‘కాషీ’ అయిపోయింది. మనం కాశీకారీ అనే పనికి ఆ పేరు అక్కడిదే, గంగ ఒడ్డున ఉన్న కాశీతో దానికి తాల్లుక్ లేదు. 1301లో అబుల్ ఖాసిం అనే కాషాన్ వాసి ఈ హునర్ గురించి ఒక రిసాలా రాశాడు. ఆయనది తరతరాల కుమ్మరి ఖాందాన్. పలుగురాయి పొడి 10 పాళ్లు, నూరిన గాజు 1 పాలు, తెల్లమట్టి 1 పాలు అని నుస్ఖా కూడా ఇచ్చాడు. చీనా పింగాణీ లాంటి తెలుపు తమ మట్టితో రాదు కాబట్టి ఈ తరకీబ్ కనిపెట్టారు. దాని మీద నీలం కోసం కాషాన్ దగ్గర ఖంసర్ గ్రామంలో దొరికే కోబాల్ట్ రాయి వాడేవారు. ఆ రాయిని లాజ్‌వర్ద్ అనేవారు. బదఖ్షాన్ గనుల్లో దొరికే నీలమణి లాంటి రాయికీ అదే పేరు. రెండూ వేరు, రంగులో పోలిక ఉండటంతో పేరు కలిసింది.

అంతకు కొద్దికాలం ముందు, 1270లలో మంగోల్ పాదుషా అబాఖా ఖాన్ తఖ్తె సులేమాన్‌లో మహల్ కట్టించాడు. ఆ గోడల పలకల మీద చీనా డ్రాగన్లు ఎగురుతుంటాయి. కారీగర్లు ఇరానీలు, పాదుషా మంగోల్, బొమ్మలు చీనావి.

తర్వాత రాయి కూడా సఫర్ మొదలుపెట్టింది. 14వ శతాబ్దంలో ఇరాన్ కోబాల్ట్ చీనాలోని జింగ్‌దెజెన్ బట్టీలకు చేరింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 1351 తేదీ వేసిన రెండు నీలి పూలకూజాలు ఉన్నాయి. వాటిని ఒక దావో మందిరం కోసం చేయించారు. బయటి నుంచి వచ్చిన ఈ నీలానికి మింగ్ కాలంలో చీనావాళ్లు పెట్టిన పేరుకు అర్థం ‘ముసల్మానుల నీలం’. అంటే వాళ్లు మనది అన్నారు, మనవాళ్లేమో చీనా సామాను అని మోజుపడ్డారు!

ఉస్మానీ సుల్తానుల తోప్‌కపీ మహల్‌లో చీనా పింగాణీ 10,000కు పైగా పోగైంది. దాన్ని చూసి ఇజ్నిక్ ఉస్తాదులు తమ నీలాన్ని దిద్దుకున్నారు, తర్వాత పక్కన దానిమ్మ ఎరుపు చేర్చారు. ఇస్తాంబుల్‌లో 1617 నాటికి పూర్తయిన సుల్తాన్ అహ్మద్ మస్జిద్‌లో అలాంటి పలకలు 20,000కు పైనే. మా భతీజీ చూసిన ‘టర్కిష్ బ్లూ’ ఇదే.

1640లలో మింగ్ సల్తనత్ కూలి చీనా సరుకు ఆగిపోయినప్పుడు హాలెండ్‌లోని డెల్ఫ్ట్ కుమ్మరులు ఆ కొరత తీర్చారు. అక్కడ ఈ నీలం మహళ్లు దాటి మామూలు ఇళ్లలోకి దిగింది. గోడ అడుగున ఒక వరుస పలకలు వేస్తే చెమ్మ పట్టదు, తడిగుడ్డ తగిలినా గోడ పాడవదు. ఆ పలకల మీద ఆడుకునే పిల్లల బొమ్మలు వేసుకున్నారు. మన మచిలీపట్నంలో కోఠీ పెట్టి దక్కన్ బట్టలు కొన్న వలందులు వీళ్లే.

ఇక మన దక్కన్. గీలాన్ నుంచి తిజారత్‌కు వచ్చి బహ్మనీ వజీర్ అయిన మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో మదరసా కట్టించాడు. ఔరంగజేబ్ జమానాలో బారూద్ పేలి సగం కూలినా, మిగిలిన మీనార్ మీద నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. అదే ఊరి ఖిలాలోని రంగీన్ మహల్‌లో ఒక పక్క కాశీ పలకలు, మరో పక్క నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్ప, వాటి నడుమ చెక్కడపు పని చేసిన చెక్క స్తంభాలు. హైదరాబాద్‌లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 నాటి అలమ్‌ల పలకలు ఉన్నాయి. 1908 మూసీ తుగ్యానీకి కింది భాగం దెబ్బతింది, పైభాగం నిలిచింది. చార్మినార్ దాకా వెళ్లినవాళ్లు ఇంకాస్త నడిస్తే చూడొచ్చు. బడే అబ్బా అడిగిన హరా, భతీజీ కోరిన నీలా ఈ గోడల మీద పక్కపక్కనే ఉంటాయి.

మరి నానీమా గోడ? యూరప్‌లో ఒకప్పుడు లాజ్‌వర్ద్ రాతి నుంచి తీసిన నీలం బంగారంతో సమానం. 1828లో గిమే అనే ఫ్రెంచివాడు దాన్ని చౌకగా తయారుచేసే తరీఖా చూపి ఇనామ్ గెలిచాడు. బట్టల తెలుపు కోసం మన కిరాణా కొట్లలో అమ్మే నీలిమందు దాని సంతానమే. పాదుషాల ఖజానాకే అందిన రంగు ఒక బేవా చేతికి కొద్ది పైసలకు దొరికింది. సున్నంలో చిటికెడు కలిపితే పసుపు ఛాయ పోయి గోడ చల్లగా కనబడింది. గరీబీ అనుకుని నేను షరమ్ పడింది దానికి.

ఇదంతా చెప్పాక బడే అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు. “అయితే మన తాఖ్‌లు మూయించింది నువ్వేనా?” అని అడిగారు చివరికి. ఔనన్నాను.

కొత్త ఫ్లాట్‌లో టర్కిష్ వాల్‌పేపర్ వద్దని భతీజీయే చెప్పింది. హాలులో ఒక గోడకు సున్నం, నీలిమందు. డిజైనర్‌కు సున్నం కొట్టే మనిషి దొరకలేదు. కర్నూలు నుంచి డెబ్బై దాటిన మేస్త్రీ ఒకాయన వస్తానన్నాడు. గోడలో ఒక తాఖ్ కూడా వదలమని చెప్పాం. అందులో ఏం పెట్టాలో ఇంకా తేలలేదు. నానీమా పాన్‌దాన్ ఎవరింట్లో ఉందో వెతుకుతున్నాం.