ఉక్కు - ఫౌలాద్

మనం ఇంట్లో ఫౌలాద్ అంటాము, కమ్మరి దగ్గరికి పోతే ఉక్కు అంటాము. ఈ రెండు మాటలూ ఒకే కొలిమి దగ్గర వినిపించిన ఊరొకటి ఉంది. అది నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. పేరు డమాస్కస్ కత్తికి వచ్చింది గాని, అటువంటి కత్తులకు ఉక్కు పంపిన ఈ పల్లె సంగతి మన పిల్లలకు తెలియదు. అరబ్బీలో మంచి కత్తిని ‘ముహన్నద్’ అనడం మాత్రం విని ఉంటారు. హింద్‌ది అని దానర్థం.

రెండు చోట్ల ఇనుమును పాళ్లుగా కలిపి, మట్టి మూసలో పెట్టి, మూతవేసి, ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవారు. మామూలు మెత్తని ఉక్కులో కర్బనం నూటికి 0.25 కూడా ఉండదు. ఇందులో సుమారు 1.5 పాళ్లు. ఆ పదునంతా దానిదే. మరీ తెల్లగా కాల్చి కొట్టారో, ముక్కలైపోతుంది.

1820 ప్రాంతంలో డాక్టర్ వాయ్సీ వెళ్లి చూశారు. ఇస్ఫహాన్ వర్తకుడొకరు కొలిమి దగ్గరే ఉండి, పాళ్లు తానే తూయించి, ఉక్కును పరీక్ష చేసుకుంటున్నారట. ఇరాన్‌లో ఇలాంటిది చేయబోయి చేయలేకపోయామని ఆ వర్తకులే ఒప్పుకున్నారు. డబ్బు వాళ్లది, విద్య మాత్రం మన కమ్మరులది.

తరువాత విలాయతి ఉక్కు చవగ్గా దిగింది. కొలిములు ఆరిపోయి, చిట్టెం మిగిలింది.