ఖర్చయిన సొమ్ము, జరిగిన పని

నడిగూడెం మండలము మీదుగా సాగు నాగార్జునసాగరు ఎడమ కాలువ వంటి మట్టిపనులలో ఎంత జరిగినదో చూచుటకు కొలగొలుసు, కొలతల పుస్తకము ఉండెడివి. సాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. అదే సంవత్సరము డిసెంబరులో అమెరికా రక్షణశాఖ తన పెద్ద గుత్తేదారులకు 35 నియమములు విధించెను. వానికి మూలము “అర్జిత విలువ” లెక్క.

నూరు గజముల కాలువను రోజుకు పది గజముల చొప్పున, నూరు రూపాయలతో త్రవ్వవలెననుకొందము. అయిదవనాటికి 60 రూపాయలు వ్యయమై, 40 గజములే తెగినవి. జమాఖర్చుల పుస్తకము మాత్రమే చూచువాడు పని సగము దాటినదని సంతసించును! నిజమునకు అర్జితమైనది 40 రూపాయలే. ఆనాటికి కావలసినది 50. కనుక పని వెనుకబడినది. 40 రూపాయల పనికి 60 పట్టినది గనుక, ఇదే తీరున సాగినచో మొత్తము ఖర్చు 150 అగును. ఈ హెచ్చరిక నడుమదారిలోనే దొరకుట దీని ప్రయోజనము.

తరువాత సాఫ్ట్‌వేరు పనులకును ఈ లెక్కను వర్తింపజేసిరి. చిక్కంతయు కొలతలో వచ్చినది. త్రవ్విన గోతిని గొలుసుతో కొలువవచ్చును. ప్రోగ్రామును పంక్తులు లెక్కించి కొలుచుట, గ్రంథమును తూకము వేసి మెచ్చుకొనుట వంటిది. “నూటికి తొంబది పాళ్ళు అయినది” అను మాట నెలల తరబడి వినబడుచుండును. అందుచే కొందరు కఠిన నియమము పెట్టుకొనిరి: పరీక్షలో నెగ్గిన భాగమునకే పూర్తి విలువ, తక్కినదానికి సున్న.