పీఎస్‌ఏ పరీక్ష ఎప్పుడు? ముందు నాన్నగారిని అడగండి

మావారికి ఈమధ్యే 45 నిండాయి. ఏటా చేయించే చెకప్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం పీఎస్‌ఏ రక్తపరీక్ష అడిగితే మా డాక్టరు "55 వచ్చాక చూద్దాం" అన్నారు. అదే వయసున్న మా స్నేహితురాలి భర్తకు వేరే డాక్టరు అడగకుండానే రాశారు. నేను బీఎస్సీ చదివానే తప్ప డాక్టర్ని కాను. అయినా మార్గదర్శకాలు తెరిచి చూస్తే, ఇద్దరి మాటకీ ఆధారం కనిపించింది.

అమెరికాలో ముఖ్యంగా మూడు సంస్థల సలహాలు పాటిస్తారు.

ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్: 2012లో ఏ వయసులోనూ వద్దంది. 2018లో మార్చుకుంది. 55–69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోవాలి. 70 దాటితే వద్దు.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ: మామూలుగా 50 ఏళ్లకు డాక్టరుతో చర్చించాలి. నల్లజాతివారు, తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 65 లోపు ఈ జబ్బు వచ్చినవారు 45కే. అలా ఒకరికి మించి వచ్చి ఉంటే 40కే.

అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్, 2023: మొదటి పరీక్ష 45–50 మధ్య చేయవచ్చు. 50–69 మధ్య రెండు నుంచి నాలుగేళ్లకోసారి. రిస్కు ఎక్కువైతే 40–45లోనే మొదలు.

ఎందుకీ తేడా? లాభనష్టాలను ఒక్కొక్కరు ఒక్కోలా తూచడం వల్ల. టాస్క్‌ఫోర్స్ లెక్క ప్రకారం 55–69 ఏళ్ల వెయ్యిమందికి 13 ఏళ్లపాటు స్క్రీనింగ్ చేస్తే ఒకరిద్దరి ప్రాణం నిలుస్తుంది, ముగ్గురికి క్యాన్సర్ ఒళ్లంతా పాకకుండా ఆగుతుంది. అదే వెయ్యిమందిలో సుమారు 100 మందికి క్యాన్సర్ ఉందని తేలుతుంది. వారిలో కొందరికి అది జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టేది కాదు. చికిత్స వల్ల సుమారు 50 మందికి లైంగిక సమస్య, 15 మందికి మూత్రం ఆపుకోలేని బాధ మిగులుతాయి. ఇప్పుడు బయాప్సీకి ముందు ఎంఆర్‌ఐ తీయడం, రిస్కు తక్కువైన క్యాన్సర్‌కు చికిత్స చేయకుండా గమనిస్తూ ఉండటం వల్ల ఈ నష్టం కొంత తగ్గుతోంది.

పీఎస్‌ఏ పెరిగితే క్యాన్సరే అనుకోకండి. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది.

ఇక మా సంగతి. డాక్టరిచ్చిన ఫారంలో కుటుంబ చరిత్ర దగ్గర "ఏమీ లేదు" అని రాశాం. మామయ్యగారికి గుంటూరులో "ప్రోస్టేట్ ఆపరేషన్" అయిందని తెలుసు గానీ, అది వాపుకో, క్యాన్సర్‌కో ఎవరం అడగలేదు. మావారు ఫోన్ చేస్తే ఆయన మాట మార్చేశారు. రెండు రోజుల తర్వాత అత్తయ్యగారు పాత బయాప్సీ రిపోర్టు వాట్సాప్‌లో పంపారు. క్యాన్సరే. అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. దూరాన ఉన్న కొడుకు కంగారు పడతాడని చెప్పలేదట. ఆ కాగితం చూపించగానే మా డాక్టరు పరీక్ష రాశారు.

అందుకే ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు అడగండి. నాన్నగారికి, బాబాయిలకు, అన్నదమ్ములకు ప్రోస్టేట్ జబ్బు వచ్చిందా? అది క్యాన్సరా? ఏ వయసులో? అమ్మ వైపు రొమ్ము, అండాశయ క్యాన్సర్లుంటే అవీ రాసుకోండి. బీఆర్‌సీఏ2 జన్యులోపం ఉన్న కుటుంబాల్లో మగవారికీ రిస్కు పెరుగుతుంది.

ఇదంతా లక్షణాలు లేనివారికి. మూత్రంలో రక్తం, ధారలో ఇబ్బంది ఉంటే వయసు లెక్కలు చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.