కోత చిన్నదైంది, నొప్పి భుజానికెక్కింది

పిత్తాశయాన్ని కోసి తీసెయ్యడం 1882 జులై 15న బెర్లిన్‌లో మొదలైంది. ఏళ్ల తరబడి నొప్పితో చిక్కిపోయిన 43 ఏళ్ల రోగికి కార్ల్ లాంగెన్‌బుక్ ఆ ఆపరేషన్ చేశాడు. రెండేళ్ల తర్వాత వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు, కొకైన్ చుక్కలు వేస్తే కంటికి స్పర్శ పోతుందని చూపించాడు. ఆ మందు నాలుకకు తిమ్మిరెక్కిస్తుందని 1860లోనే ఆల్బర్ట్ నీమన్ రాసిపెట్టాడు. ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి వందేళ్లలో ఆపరేషన్ పెద్దగా మారలేదు, మందు మారుతూ వచ్చింది. కొకైన్ వ్యసనంగా పరిణమించడంతో 1905లో నోవోకెయిన్ వచ్చింది. స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేసిన లిడోకెయిన్‌ను అతని సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. పన్ను పీకే ముందు మన డాక్టర్లు చిగురులోకి ఎక్కించే లిగ్నోకెయిన్ ఇదే. గంటల తరబడి పనిచేసే బుపివకెయిన్ 1957లో, అదీ స్వీడన్‌లోనే పుట్టింది. పేర్లు ఎన్నయినా పని ఒకటే: నరంలో సోడియం వెళ్లే దారులు మూసి, నొప్పి కబురు మెదడుకు చేరకుండా ఆపడం.

పాత పద్ధతిలో పక్కటెముకల కింద జానెడు కోత. దగ్గినా గట్టిగా ఊపిరి పీల్చినా ప్రాణం విలవిల్లాడేది. మార్ఫిన్ ఇస్తే మగత, వాంతులు. 1985 సెప్టెంబరు 12న జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో (ల్యాపరోస్కోపీ) పిత్తాశయాన్ని తీశాడు. తోటి సర్జన్లు మెచ్చుకోకపోగా వెక్కిరించారు. 1987లో లియాన్‌లో ఫిలిప్ మూరె చేశాక మాత్రం పద్ధతి ప్రపంచమంతా పాకింది. 1990లో తెహెమ్‌టన్ ఉద్వాడియా ముంబయిలో చేశాడు.

కోత పోయి మూడు నాలుగు చిన్న రంధ్రాలు మిగిలాయి. నొప్పి మాత్రం పోలేదు, చోటు మార్చింది. రంధ్రాల దగ్గర సలుపు, లోపల పిత్తాశయం ఊడదీసిన చోట మొద్దునొప్పి సరే. రోగిని కంగారుపెట్టేది మూడోది, భుజం నొప్పి. పనికి చోటు కోసం పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్, పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరపు పొర డయాఫ్రంను రేపుతుంది. డయాఫ్రం నరమూ, భుజం చర్మపు నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే మెట్ల నుంచి బయలుదేరతాయి కాబట్టి నొప్పి భుజానిదని మెదడు పొరబడుతుంది. పిత్తాశయ రాళ్ల నొప్పిని ‘గ్యాస్’ అని ఏళ్లకేళ్లు కొట్టిపారేయడం మన ఇళ్లలో అలవాటు. నిజంగా గ్యాస్ తెచ్చే నొప్పి ఆపరేషన్ అయ్యాకే వస్తుంది.

తిమ్మిరెక్కించే మందు కూడా నొప్పి వెంటే నడిచింది. ముందు రంధ్రాల చుట్టూ గుచ్చారు; ఇప్పటికీ తేలికైనదీ చౌకైనదీ ఇదే. 1991లో ఫ్రెంచి డాక్టర్లు స్త్రీల ల్యాపరోస్కోపీలో పొట్టలోపలే మందు చిమ్మి, భుజం నొప్పి తగ్గిందని లాన్సెట్ పత్రికలో రాశారు. పిత్తాశయ సర్జన్లు దాన్ని అందిపుచ్చుకున్నారు కానీ ఫలితాలు అందరి చేతిలో ఒక్కలా రాలేదు. 2001 నుంచి పొట్ట గోడ కండరాల పొరల మధ్య మందు నింపే ట్యాప్ బ్లాక్ వచ్చింది. తర్వాత అల్ట్రాసౌండ్ దానికి కన్నయింది. అయితే పొట్ట గోడను మొద్దుబార్చే ఈ సూది భుజం దాకా పోదు.

ఏ దారిన ఇచ్చినా మోతాదే అసలు పట్టు. బుపివకెయిన్ రక్తంలో హెచ్చితే గుండె ఆగిపోవచ్చని 1979లోనే హెచ్చరిక వచ్చింది. అందుకే కిలో బరువుకు 2 మిల్లీగ్రాములన్న లెక్క. 50 కిలోల మనిషికి 0.5 శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లు దాటకూడదు, రంధ్రాల్లోకీ పొట్టలోకీ కలిపి.